తాకి చూసే గోడ

మీ ఊరి అంగన్‌వాడీ గోడల్ని ఎప్పుడైనా గమనించారా? ఏనుగు, మామిడిపండు, అక్షరమాల, ఇలా రంగురంగుల బొమ్మలెన్నో ఉంటాయి. అన్నీ కంటికోసమే. మూడేళ్ల పాప చెయ్యి చాపి ఏనుగును ముట్టుకుంటే తగిలేది నున్నటి గోడే. చూపులేని పాపకైతే అక్కడ ఏమీ లేనట్టే. ఇది సరికాదని నా అభిప్రాయం. ఆ గోడమీద చేతితో తెలుసుకునే భాగం కూడా ఒకటి ఉండాలి. పారేసే వస్తువులతో దాన్ని మీరే తయారు చేయగలరు.

చర్మం ఎంత చురుకైన సాధనమో ముందు పరీక్షించి చూడండి. మొనలేని రెండు పుల్లల్ని 3 మిల్లీమీటర్ల ఎడంగా పట్టుకుని, కళ్లు మూసుకున్న స్నేహితుని వేలికొనకు మెల్లగా ఆనించండి. సాధారణంగా రెండని చెబుతాడు. వీపుమీద ఆనిస్తే ఒకటే అంటాడు. అక్కడ రెండుగా తెలియాలంటే దాదాపు 4 సెంటీమీటర్ల ఎడం కావాలి. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ వెబర్ 19వ శతాబ్దంలోనే ఇలాంటి కొలతలు తీశాడు. బ్రెయిలీ లిపిలో పక్కపక్క చుక్కల మధ్య ఎడం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అంత దగ్గరి చుక్కల్ని వేలికొన విడివిడిగా పట్టగలదు కాబట్టే ఆ చదువు సాధ్యమైంది.

ఇక సామాను. గోనెపట్ట, కొబ్బరిపీచు, ఎండిన బీరపీచు, సైకిల్ ట్యూబు, చెక్క, పాత స్టీలు పళ్లెం చాలు. గరుకు పక్కన నునుపు, మెత్తన పక్కన గట్టి అమర్చండి. గుడ్డసంచిలో పెట్టి కుట్టిన ఎండు తురాయికాయ కదిపితే గలగలమంటుంది. చెక్క పక్కనే స్టీలు ఉంచండి. రెండింటి ఉష్ణోగ్రత ఒకటే అయినా స్టీలే చల్లగా తోస్తుంది. చేతి వేడిని అది త్వరగా లాగేస్తుంది. గదిలో 40 డిగ్రీలున్న వేసవి మధ్యాహ్నం ముట్టి చూస్తే ఏమవుతుంది? ఆలోచించండి!

చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన పింగాణీ, గాజుముక్కల వంటి వాటితో రాక్ గార్డెన్ నిర్మించాడు. 1976లో దాన్ని ప్రజల సందర్శనకు తెరిచారు. కాని అది చూసే తోట, మనది తాకే గోడ. పదునైనవేవీ మనకు పనికిరావు. పసిపిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. గుండీలు, చింతగింజలు, సీసా మూతలు గొంతుకు అడ్డం పడతాయి. బిళ్లలాంటి చిన్న బ్యాటరీ మింగితే ప్రాణాపాయం. పాత రంగు పెచ్చుల్లో సీసం ఉండవచ్చు. ఎరువుల సంచులు, పురుగుమందు డబ్బాలు ముట్టనే వద్దు. తీసుకున్న ప్రతిదాన్నీ సబ్బుతో కడిగి ఎండబెట్టండి. జిగురును నమ్మక పురికొసతో కుట్టండి. మీరు బలంకొద్దీ లాగినా ఊడకూడదు.

చెత్తతో చేస్తున్నాం కదా అని చెత్తగా చేయకూడదు. సైన్సు ప్రదర్శనలో బహుమతి తెచ్చి, ఆ తర్వాత ఎవరికీ అందని ఎత్తున వేలాడదీస్తే పడ్డ శ్రమంతా దండగ. అది పాప చేతికందే ఎత్తులో ఉండాలి. వారానికోసారి వెళ్లి ఊడినవి బాగుచేయాలి. అంగన్‌వాడీ టీచరుగారిని అడిగి ఈ నెలలోనే మొదలుపెట్టండి. ‘ముట్టుకోకు’ అన్న మాటే ఎప్పుడూ వినే పిల్లలకు ‘ముట్టుకో’ అని పిలిచే గోడ ఒకటైనా ఉండాలి కదా!