నాణెముపై ఓడ చాలునా?

మన తెలుగు సంఘముల సంచికలను తిరుగవేసినచో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెముపై నున్న రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ తరచుగా కానవచ్చును. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలోనే ఆంధ్రులు సముద్రములు దాటిరని మనము పొంగిపోవుదుము. కాని ఆ ఓడకు అడుగు దూలము నెట్లు నిలిపిరి, పలకలను దేనితో బిగించిరి అని మన పిల్లలడిగినచో నోట మాట రాదు.

యానాము అగ్రహారమున నివసించు మాకు ఈ మౌనము మరింత సిగ్గు కలిగించుచున్నది. ఇచటికి చేరువనే గౌతమి నుండి కోరంగి పాయ చీలును. కోరంగిలోను, తాళ్ళరేవులోను ఓడలు కట్టినవారు మన వడ్రంగులే. 1669–79 నడుమ బంగాళాఖాత తీరములు తిరిగిన ఆంగ్ల నావికుడు తామస్ బౌరీ నరసాపురపు ఓడల పనిని గూర్చి వ్రాసి యుంచెను. పరదేశి వ్రాతయే మనకు ఆధారము! ఆ మేస్త్రీల పేర్లను వ్రాసి పెట్టుదమని తోచిన తెలుగువాడెవడు? 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచినవి. మిగిలిన రేవును మేట పూడ్చినది. బర్మాలో తెలుగువారికందరికిని 'కోరంగీలు' అను పేరు నిచ్చిన రేవది.

"ప్రకృతి తుడిచివేసిన దానికి మనమేమి చేయుదుము?" అను పెద్దలు గలరు. ఈ వాదము నిలువదు. బురద కొయ్యకు శత్రువు కాదు. గాలి తగులనీయక కాపాడును. చైనాలో చ్వాన్‌జౌ వద్ద 1974లో బురద నుండి తీసిన సాంగ్ కాలపు ఓడలో పండ్రెండు అడ్డుగోడలు, పదమూడు గదులు బయటపడినవి. ఒక గదిలో నీరు చొచ్చినను తక్కినవి ఓడను తేల్చి యుంచునన్నమాట. కొరియాలో 1975లో ఒక జాలరి వలకు పింగాణీ పాత్రలు చిక్కినవి. ఆ జాడ బట్టి 1323 నాటి సినాన్ ఓడను 1984 వరకు శ్రమించి వెలికి తీసి, మొక్పో ప్రదర్శనశాలలో నిలిపిరి. జపానులో తకషిమా వద్ద 1281 నాటి మంగోలు దండయాత్ర ఓడ 2011లో బయటపడగా, మరుసటి యేడే ఆ సముద్రతలమును జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించిరి. వారు చేసిన పని పొగడ్త కాదు, కొలత.

మన సంఘములు తాళ్ళరేవు వృద్ధ మేస్త్రీల మాటలను, పనిముట్ల పేర్లను, వారి లెక్కలను వారుండగనే వ్రాసికొనవలెను. కోరంగి పాయలో పూడిక తీయునపుడు పైకి వచ్చు కొయ్య వంటచెరకునకును, మేకు పాత ఇనుమునకును పోకుండ చూడవలెను. వచ్చు సంచికలో ఆ నాణెపు బొమ్మ ప్రక్కన ఒక్క మేస్త్రీ చెప్పిన కొలతలనైనను అచ్చువేయుదుమా?