గోలీలతో లింఫోమా వస్తుందా?

రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల వైపు గోలీల డబ్బా లేని ఇల్లు అరుదు. బీడీలు చుట్టి నడుము పట్టేసిన ఆడవాళ్లకు, సాంచాల (మరమగ్గాల) దగ్గర నిలబడి కాళ్లు పీకే కార్మికులకు, పసుపు తవ్వి ఒళ్లు హూనమైన కూలీలకు ఆ డబ్బాయే తొలి వైద్యుడు. పొద్దున గ్యాస్ గోలీ, రాత్రి నొప్పుల గోలీ. ఏళ్ల తరబడి ఇలా మింగితే లింఫ్ గ్రంథులకు క్యాన్సర్, అంటే లింఫోమా రాదా? అడగాల్సిన ప్రశ్నే ఇది.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. క్యాన్సర్‌కు కారణం కావచ్చని భావించే ఎన్‌డీఎంఏ అనే రసాయనం గ్యాస్ మందు రానిటిడిన్‌లో 2019 సెప్టెంబరులో బయటపడింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ వెంటనే ఆ మందు సరఫరాను ప్రపంచమంతటా నిలిపివేసింది. 2022లో మన దేశం దాన్ని అత్యవసర మందుల జాబితా నుంచి తీసేసింది. అలా ఆపడం సరైనదే. అయితే రానిటిడిన్ మింగినందుకు లింఫోమా వస్తుందని మాత్రం రుజువు కాలేదు.

నొప్పులకు, జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ సంగతి ఇంకాస్త చిక్కైనది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో యాభై దాటిన సుమారు 65 వేల మందిని గమనించి 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. పారాసిటమాల్‌ను ఏళ్ల తరబడి ఎక్కువగా వాడినవారిలో లింఫోమా సహా కొన్ని రక్త క్యాన్సర్లు దాదాపు రెట్టింపు కనిపించాయి. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ పదేళ్లలో నూటికి ఒకరికి వచ్చే జబ్బు ఇద్దరికి వచ్చిందన్నమాట. పైగా లింఫోమా బయటపడకముందే జ్వరం, ఒళ్లునొప్పులు మొదలవుతాయి, వాటికే గోలీ వేసుకుంటారు. జబ్బే గోలీని తెచ్చిందా, గోలీయే జబ్బును తెచ్చిందా అన్నది ఇలాంటి లెక్కలతో తేలదు.

ముప్పు కచ్చితంగా తెలిసిన మందులు వేరే ఉన్నాయి. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్ అలాంటివి. పేగుపూత రోగులపై ఫ్రాన్స్‌లో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో అజాథయోప్రిన్ తరహా మందులు వాడుతున్నవారికి లింఫోమా ముప్పు అయిదు రెట్లు కనిపించింది. అయినా అది ఏడాదికి వెయ్యి మందిలో ఒకరికి మించలేదు. ఆ భయంతో కిడ్నీ మార్పిడి చేయించుకొని ఇలాంటి మందు వాడుతున్న మనిషి దాన్ని మానేస్తే మార్చిన కిడ్నీయే పోతుంది.

మన పల్లెల్లో అసలు నష్టం మరోచోట జరుగుతోందని నా నమ్మకం. ఏ జబ్బో తేలకుండానే ఇచ్చే స్టెరాయిడ్ గురించి చెబుతున్నాను. డెక్సామెథాసోన్ సూది, ప్రెడ్నిసొలోన్ గోలీ లింఫోమా కణాలను తాత్కాలికంగా చంపుతాయి. కీమో చికిత్సలోనూ స్టెరాయిడ్ ఉండేది అందుకే. లింఫోమాతో మెడ మీద లేచిన గడ్డ కరుగుతుంది, జ్వరం దిగుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని వారాలకు గడ్డ మళ్లీ లేస్తుంది. ఈలోగా ముక్క పరీక్ష (బయాప్సీ) చేసినా జబ్బు పట్టుబడకపోవచ్చు. మెడ గడ్డ అనగానే మన దగ్గర ముందు టీబీని అనుమానిస్తారు. టీబీ ఎక్కువున్న చోట అది సహజమే. కానీ పరీక్ష లేకుండా నెలలకు నెలలు టీబీ మందులు మింగించడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు. లింఫోమాలో ఒక రకమైన హాజ్కిన్ లింఫోమా సకాలంలో దొరికితే ఎక్కువమందికి నయమవుతుంది. అలాంటి జబ్బుకు నెలలు పోగొట్టడం ఘోరం.

నొప్పిలేని గడ్డ రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, రాత్రిళ్లు బట్టలు తడిసేలా చెమట పడుతుంటే, బరువు తగ్గుతుంటే స్టెరాయిడ్ పడకముందే ముక్క పరీక్ష జరగాలి. సూదితో తీసే నమూనా తరచూ చాలదు, వీలైతే గ్రంథిని మొత్తంగా తీసి చూడాలి. జగిత్యాలలోనూ సిరిసిల్లలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. నమూనా అక్కడికి చేరి, వారం పది రోజుల్లో ఫలితం రాయికల్ ఆస్పత్రికి తిరిగొచ్చే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. ఆ ఒక్క కాగితం కోసం బీడీ కార్మికురాలు కూలి పోగొట్టుకొని హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి దాకా వెళ్లే పరిస్థితి ఉండకూడదు.