రాతకూ కూలి కావాలె

రాతకు కూలి అడగొద్దట. అడిగితే అమ్ముడుపోయినట్టట. ఈ మాట అనేది ఎవరు? నెల తిరిగేసరికి జీతం పడేవాళ్లు. తాతల నాటి మాగాణి కౌలు మీద బతుకుతూ సాహిత్యం చేసేవాళ్లు. వాళ్లకు రాత సేవ కావొచ్చు, సరదా కావొచ్చు, పేరు కావొచ్చు. మనకు మాత్రం అది పని. పొద్దంతా ఇంకో పని చేసొచ్చి, పిల్లలు పండుకున్నంక బల్బు కింద కూసొని చేసే రెండో పని. పని చేయించుకొని కూలి ఎగ్గొట్టడానికి మన ఊళ్లల్ల ఒక పేరుంది. దాన్ని వెట్టి అంటరు.

నాకు వెట్టి పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. మా నాయిన డప్పు కొట్టి ఊరికి సాటింపు వేసేవాడు. శిస్తు కట్టాలన్నా, చెరువు తూము ఎత్తుతున్నరన్నా, పంచాయితీ ఉందన్నా, పటేలు చెప్పింది వాడవాడా తిరిగి చెప్పాలె. డప్పు మాది, డప్పుకు కట్టిన తోలు మాది, గొంతు మాది. మాట మాత్రం పటేలుది. పంటలప్పుడు కల్లం కాడ కుంచెడు వడ్లు పోసేవాళ్లు. అది కూలి కాదు, దయ. ఎంత పోయాలన్నది పోసేవాడి ఇష్టం. కొలత సరిగ్గ లేదంటే 'వీడికి బలిసింది' అన్న మాట తయారుగా ఉండేది. 1994లో ఈదుమూడిలో మాదిగ దండోరా ఆ డప్పునే ఎత్తుకుంది. చేయి అదే, దరువు అదే. మాట మాత్రం మారింది. మన మాట మనం చెప్పుకున్నం గనకనే ఊళ్లకు ఊళ్లు కదిలినయి.

ఇవాళ ఆ సాటింపు సెల్‌ఫోన్‌లకు చేరింది. 'ఇంటర్నెట్‌లో కులం లేదు, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా సంపాదించొచ్చు, ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ పెట్టుకోండి' అని కొత్త పాఠం చెబుతున్నరు. తలుపులు తెరుచుకోలేదని నేననను. ఆదివారం పేజీల నుంచి తిరిగొచ్చిన కథలు ఒక్క వేలి నొక్కుతో లోకంలోకి పోతున్నయి. అది చిన్న సంగతి కాదు. కానీ ఎక్కువ ఎవరిస్తరన్నది రెండో ప్రశ్న. తాళం చెవి ఎవరి చేతుల ఉందన్నది మొదటి ప్రశ్న.

ఈ ప్రశ్న మన పెద్దలు ఎప్పుడో వేసుకున్నరు. 1920 జనవరి 31న అంబేడ్కర్ మూక్‌నాయక్ మొదలుపెట్టినప్పుడు, తిలక్ స్థాపించిన కేసరి ఆ పత్రిక ప్రకటన కూడా వేయలేదు. డబ్బు కడతామన్నా వేయలేదు. డబ్బును మించిన గేటు ఒకటుందని మనకు అక్కడే తేలింది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో సొంత పత్రిక పెట్టుకున్నరు. 1989లో నలుపు వచ్చింది. వీళ్లెవరూ ఏ పత్రిక ఎంతిస్తదని వెతుక్కుంటూ కూసోలేదు. అచ్చు యంత్రం, చందాదారుల చిట్టా ఎవరి దగ్గరుంటే మాట వాళ్లదే అవుతదని తెలిసి, అప్పులు చేసి మరీ నడిపిండ్రు.

ఇప్పుడు ఈ నెట్ వేదికల లెక్క చూద్దాం. ముందు భాష. గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలకు హిందీని 2014లోనే తీసుకుంది. తెలుగు వంతు 2018 దాకా రాలేదు. అమెజాన్ కిండిల్ 2016లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు దుకాణం తెరిస్తే అందులో తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకే ఈ గతి ఉంటే, ఆ భాషలో వాడ చివర పుట్టిన యాసకు ఏ గతి?

సమానత్వం మాట కూడా చూడండి. యాడ్‌సెన్స్ ఖాతాలో పది డాలర్లు చేరితే చిరునామా నిజమా కాదా అని చూడటానికి ఒక పిన్ నంబరు ఉత్తరంలో పంపుతరు. నూరు డాలర్లు చేరితే గానీ డబ్బు చేతికి రాదు. నియమం అందరికీ ఒకటే. కానీ మా వాడల ఇండ్లకు నంబర్లు సరిగ్గ లేవు. మా తమ్ముడు వరసయ్యే పిలగాడు ఒకడు ఆ ఉత్తరం కోసం నెలల తరబడి చూసిండు. చివరికి అది ఊళ్లో కిరాణం కొట్టు కాడ పప్పు బస్తాల సందుల దొరికింది. కాలిఫోర్నియా నుంచి ఊరి దాకా వచ్చిన ఉత్తరం, ఊరి నుంచి వాడకు రాలేకపోయింది. ఇంటర్నెట్‌లో కులం లేదనేవాళ్లు ఆ కిరాణం కొట్టు నుంచి మా వాడ దాకా ఒకసారి నడిచి చూడాలె.

యూట్యూబ్‌లో కథలు చదివి వినిపించేవాళ్లు పెరిగిండ్రు. ప్రకటనల్ల వాటా రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలె. పొట్టి వీడియోలకైతే కొలత వేరే. మామూలు వీడియో మీద వచ్చిన ప్రకటన రూపాయిలో 55 పైసలు చేసినోడికి, 45 పైసలు కంపెనీకి. పటేలు కుంచం కన్నా ఇది నయమే, లెక్కన్నా చూపిస్తున్నరు. కానీ కారంచేడు 1985, చుండూరు 1991 చెప్పాలంటే నెత్తురు చెప్పాలె. హింస, వివాదం ఉన్న వీడియోలకు ప్రకటనలు తగ్గించే, ఆపేసే నియమం ఆ కంపెనీకి ఉంది. సబ్బుల కంపెనీ మన శవం పక్కన తన సబ్బు పెట్టుకోదు కదా! మనల్ని చంపితే వార్త, మనం చెప్పుకుంటే వివాదం.

2014లో బెంగళూరులో పుట్టిన ప్రతిలిపిలో తెలుగోళ్లు వేలకు వేలు రాస్తున్నరు. అక్కడ గిరాకీ ధారావాహికకు. ప్రేమ, పెండ్లి, అత్తాకోడళ్ల కథ రోజుకో ముక్క పెట్టాలె. అట్ల రాసి ఇంటి ఖర్చులకు నాలుగు రూపాయలు తెచ్చుకునే ఆడోళ్లను నేను తక్కువ చేయను, వాళ్లది కూడా కష్టమే. కానీ గిరాకీ మన చేతిని ఎటు తిప్పుతదో చూసుకోవాలె. ఇంగ్లీషులో రాసే పిల్లలు సబ్‌స్టాక్ పేరు చెబుతున్నరు. చందాలో పది శాతం కంపెనీ కోత. అదేం పెద్దది కాదు. కానీ చందా డబ్బు చేతికి రావాలంటే స్ట్రైప్ ఖాతా కావాలె. 2024లో ఆ స్ట్రైప్ మన దేశంలో కొత్త ఖాతాలను తను పిలిచినవాళ్లకే పరిమితం చేసింది. పిలుపు వచ్చేదాకా గడప బయట నిలబడటం మనకు కొత్త కాదు గదా!

నా సంగతి ఒకటి చెప్పాలె. చచ్చిన గొడ్డును మా అవ్వ మోసుకొచ్చిన కథ ఒక యాప్‌లో పెట్టిన. వారం తిరగకముందే తీసేసిండ్రు. కారణమేందంటే అందులో తిట్టు ఉందట. ఏది తిట్టు? మాదిగ అన్న మాట. మా కులం పేరు వాళ్ల యంత్రానికి తిట్టు. ఆ పేరు పెట్టి కొట్టినోడెవడో, ఆ పేరును తలెత్తి రాసుకున్నోడెవడో దానికి తేడా తెలవదు. పదం మార్చి మళ్లీ పెట్టుకోమన్నరు. నేను మార్చలేదు. కథతో పాటు దాని కింద పాఠకులు రాసిన మాటలన్నీ పోయినయి. వాళ్లెవరు, ఏ ఊరోళ్లు? ఆ వివరం యాప్ దగ్గర ఉంటది, రాసినోడికి ఇయ్యరు. నా కథకు నేను సంపాదించిన మనుషులు వాళ్ల ఆస్తి అయిండ్రు.

గోడ మీద రాత గోడ ఉన్నన్ని రోజులే. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని విడిచిపోయిండు. ఆయన ఫేస్‌బుక్‌లో రాసుకున్నవి అదే సంవత్సరం ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చినయి. మనుషులు ఏరి కూర్చితే అవి నిలబడ్డయి. ఏరేవాళ్లు లేని రాతలు ఇంకెన్ని పోతున్నయో!

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ వేదిక మంచిదని నన్ను అడగకండి. వేదికనే నిలదీసి అడగండి. నా రాత మీద హక్కు ఎవరిది? లెక్క చూపిస్తవా? నా పాఠకుడి చిరునామా నాకు ఇస్తవా? రేపు నువ్వు తలుపు మూస్తే నా రాతలు నేను మూటగట్టుకొని పోవచ్చునా? ఈ నాలుగింటికి జవాబు చెప్పనివాడు ఎంతిస్తనన్నా అది కుంచెడు వడ్లే.

హక్కు సంగతిలో చట్టం మన పక్కన కొంత ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన నాడే హక్కు పుడుతది, రిజిస్ట్రేషన్ అక్కర లేదు. హక్కు రాసిచ్చెయ్యాలంటే కాగితం ఉండాలె, సంతకం ఉండాలె. 19వ సెక్షన్ ప్రకారం ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే, ఏయే దేశాలకో రాయకపోతే మన దేశానికే. అందుకే తెలివిగలోడు 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా', 'అన్ని రూపాల్లో' అన్న మూడు మాటలు సన్న అక్షరాల్లో ఇరికిస్తడు. ఆ మూడు మాటలు కనబడితే చేయి ఆపాలె. ప్రచురించుకునే అనుమతి వేరు, హక్కు వేరు. గుడిసెలో ఉండనిచ్చినంత మాత్రాన జాగ పట్టా రాసిచ్చినట్టా? సినిమా, ఆడియో, అనువాదం వేటికవే విడిగా మాట్లాడుకోవాలె, వేటికవే కూలి కట్టించుకోవాలె.

నేనైతే ఒక్క చోటును నమ్మొద్దంటాను. పెద్ద వేదికలను సాటింపుకు వాడుకోవాలె. అక్కడ ఒక ముక్క వినిపించాలె, జనాన్ని పిలవాలె. కాపురం మాత్రం సొంత జాగల ఉండాలె. చిన్నదైనా మన పేరు మీద వెబ్‌సైట్, పాఠకుల నంబర్లు రాసుకున్న చిట్టా, ప్రతి రాతకూ మన దగ్గర ఒక నకలు. 2016 నుంచి యూపీఐ ఉంది. పాఠకుడి ఖాతా నుంచి రచయిత ఖాతాకు మధ్యల కోత లేకుండా డబ్బు వస్తది. వాట్సాప్‌లో ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మందే పడతరు. నవ్వకండి. తెలుగులో కవిత్వం పుస్తకం వేసినోడిని అడగండి, డబ్బిచ్చి కొన్న 256 మంది ఎంత పెద్ద సైన్యమో చెబుతడు.

ఇక మన సంఘాలకు ఒక మాట. బయటోడిని నిలదీసే ముందు మన ఇంట్ల కూడా వెట్టి మానాలె. ప్రత్యేక సంచికలకు రాయించుకుంటం, సభలకు పిలుచుకుంటం, శాలువా కప్పి పంపిస్తం. టెంటు వేసినోడికి, మైకు పెట్టినోడికి, భోజనాలు వండినోడికి డబ్బులిస్తం. రాసినోడికి మాత్రం దండం పెడతం. కరపత్రం రాసిచ్చిన పిల్లకు నూరు రూపాయలైనా చేతుల పెట్టండి. వందమంది విద్యార్థులు నెలకు పది రూపాయలు వేసుకుంటే వెయ్యి రూపాయలు. ఒక వాడపిల్ల నెలకొక కథ రాయడానికి అది మొదటి కూలి. అమెరికా కంపెనీ ఇస్తదా ఇయ్యదా అని చూసే ముందు, ఆ పది రూపాయలు మనం తీస్తమా తియ్యమా తేల్చుకోవాలె.