యూరియా నీళ్లకు రెండు ధరలు

శంషాబాదు మీదుగా బెంగుళూరు రోడ్డున సాగే కొత్త లారీలకు ఇప్పుడు రెండు ట్యాంకులు. ఒకటి డీజిలుకు, రెండవది "డెఫ్" అని పిలిచే యూరియా నీళ్లకు. డీజిలు ధర పైసా కదిలినా వ్యాపార వర్గాలలో చర్చ జరుగుతుంది. రెండవ ట్యాంకులో పోసే సరుకు ఎక్కడ తయారైందో, ఏ ముడిసరుకుతో తయారైందో అడిగేవారు మాత్రం బహు తక్కువ. అడగవలసిన సమయం వచ్చింది. ఎందుకంటే ఆ నీళ్లలో ఉన్న యూరియా కోసమే 2025 ఖరీఫులో తెలంగాణ రైతులు సహకార సంఘాల ముందు పట్టాదారు పాసుపుస్తకాలు, చెప్పులు వరుసలో పెట్టి పడిగాపులు కాశారు. ఒకే సరుకు, రెండు మార్కెట్లు, రెండు ధరలు. ఈ తేడా ఉన్నంతకాలం ఎక్కడో ఒకచోట సంచి దారి తప్పుతూనే ఉంటుంది.

ఎందుకొచ్చింది ఈ రెండవ ట్యాంకు?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. హైదరాబాదు నగరానికి 2010 నుంచే బీఎస్-4 ఇంధనం అందుతుండగా, మిగతా దేశానికి అది 2017లో విస్తరించింది. ఆపైన బీఎస్-5ను దాటవేసి ఒక్కసారిగా బీఎస్-6కు వెళ్లారు. డీజిలులో గంధకం పరిమితి పది లక్షల భాగాలకు 50 భాగాల నుంచి 10 భాగాలకు తగ్గింది. ఇంధనం వైపు జరిగిన మార్పు ఇది. ఇంజను వైపు జరిగిన మార్పు, పొగ గొట్టంలో ఉత్ప్రేరకపు పెట్టె వచ్చి చేరడం.

ఇంజను బాగా వేడెక్కి మండితే డీజిలు ఆదా అవుతుంది, కాని నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వేడి తగ్గిస్తే ఆ వాయువులు తగ్గుతాయి, మైలేజీ పడిపోతుంది. ఈ చిక్కుకు కనుగొన్న పరిష్కారమే డెఫ్. ఇంజనును డీజిలు ఆదా అయ్యే విధంగానే నడవనిచ్చి, వెలువడిన పొగపై యూరియా నీళ్లను చిలకరిస్తారు. వేడికి యూరియా అమోనియాగా మారుతుంది. ఉత్ప్రేరకం సమక్షంలో అమోనియా ఆ విషవాయువులను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చివేస్తుంది. డెఫ్ డీజిలులో కలిసేది కాదు, విడిగానే ఉంటుంది. కాని దాని పుణ్యమే ఇంజనుకు మైలేజీ, ఊరికి గాలి.

డెఫ్ అంటే నూటికి 32.5 పాళ్లు స్వచ్ఛమైన యూరియా, మిగిలినది లవణాలు తీసివేసిన నీరు. డీజిలు వాడకంలో ఇది సుమారు 3 నుంచి 6 శాతం ఖర్చవుతుంది. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ బెంగుళూరు దాకా 570 కిలోమీటర్లు పోవడానికి 140 లీటర్ల పైచిలుకు డీజిలు, దానితోపాటు ఏడు లీటర్ల దాకా డెఫ్ కావాలి. ఆరాంఘర్ నుంచి గగన్‌పహాడ్, శంషాబాదు, కొత్తూరు, షాద్‌నగర్ వరకు ఈ రోడ్డు మీద పోయే సరుకును తలచుకుంటే, ఇది చిన్న వ్యాపారం కాదని తేలికగానే అర్థమవుతుంది.

బకెట్టు లెక్క

ఇరవై లీటర్ల బకెట్టు తూకం సుమారు 21.8 కిలోలు. అందులో యూరియా 7 కిలోల పైచిలుకు. రైతుకు వేపపూత యూరియా 45 కిలోల సంచి రూ. 266.50. అంటే కిలో ఆరు రూపాయల లోపే. ఆ లెక్కన బకెట్టులోని యూరియా ఖరీదు రూ. 42.

ఇక రెండవ ధర చూడండి. 2025 ఆగస్టు నాటికి భారతదేశపు దిగుమతి టెండర్లలో యూరియా టన్ను 500 డాలర్లు దాటి పలికింది. 500 డాలర్లే అనుకున్నా, నాటి మారకం రేటులో కిలో రూ. 44 చొప్పున పడుతుంది. ఓడరేవు ఖర్చులు, పన్నులు, శుద్ధి ఖర్చులు ఇందులో లేవు. ఈ ధరకు కొన్న తయారీదారునికి బకెట్టుకు యూరియా ఖర్చే రూ. 310.

న్యాయంగా కొన్నవాడికి రూ. 310, రైతు సంచిని మళ్లించినవాడికి రూ. 42. బకెట్టుకు రూ. 270 తేడా. పది టన్నుల లోడు మళ్లితే తేడా సుమారు రూ. 3 లక్షల 80 వేలు. ఈ మొత్తం ఎక్కడినుంచో ఊడిపడదు. ప్రభుత్వ ఖజానా రైతు పేరున భరించిన సబ్సిడీయే అది. పంచదారలో, నూనెలో క్వింటాలుకు పది ఇరవై రూపాయల లాభం కోసం తెల్లవారక ముందే ఫోన్లు చేసుకునే వర్తకులకు ఈ తేడా ఎంతటి ప్రలోభమో వేరే చెప్పనక్కరలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఎరువును వ్యవసాయేతర అవసరానికి అమ్మడం, వాడడం నిషిద్ధం. 2015లో దేశీయ యూరియా మొత్తానికి వేపపూత తప్పనిసరి చేయడంలో ఒక ఉద్దేశం కూడా ఇదే. ప్లైవుడ్ జిగురుకు, రంగులకు, పశువుల దాణాకు పోతున్న సంచిని పొలానికే పరిమితం చేయాలనుకున్నారు. వేపపూత దొంగకు పని పెంచిన మాట నిజమే. అయితే కిలోకు రూ. 38 గిట్టుబాటు ఉన్నచోట ఆ పనికి సిద్ధపడేవారు దొరకకపోరు.

2025 నాటి కొరతకు ఈ మళ్లింపే కారణమని అనడం సరికాదు. దేశం ఏటా 350 లక్షల టన్నులకు మించి యూరియా వాడుతుంది. చైనా ఎగుమతులపై ఆంక్షలు, ఎర్రసముద్రంలో ఓడల రాకపోకలకు అంతరాయం, మంచి వర్షాలతో పెరిగిన సాగు, ఇవన్నీ ఆ ఏడాది కలిసి వచ్చాయి. కాని సరుకు బిగిసిన సీజనులో పక్కకు పోయే ప్రతి సంచీ వరుసలో చివర నిలబడ్డ రైతుదే. పెద్ద కొరత సమయంలో చిన్న మళ్లింపు కూడా ధర్మం కాదు.

లారీ యజమానికి మిగిలేదేమిటి?

చవక బకెట్టు కొన్న లారీ యజమాని తాను లాభపడ్డానని అనుకోవచ్చు. ఆ లెక్క కూడా వేసి చూడాలి. లీటరుకు రూ. 20 తగ్గిందనుకుందాం. బెంగుళూరు పోయి రావడానికి మిగిలేది రూ. 280. నెలకు ఎనిమిది ట్రిప్పులు తిప్పినా ఏడాదికి రూ. 27 వేలు. ఉత్ప్రేరకం పాడైతే మార్చే ఖర్చు లక్షల్లోకి పోతుంది. బండి షెడ్డులో నిలిచిన రోజుల నష్టం దీనికి అదనం.

పాడవడం ఎలాగో తెలుసుకోవడం అవసరం. యూరియా తయారీలో బైయూరెట్ అనే పదార్థం కొంత మిగులుతుంది. ఎరువుగా వాడే యూరియాలో నూటికి ఒకటిన్నర పాళ్లు ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. పొలానికి దానివల్ల పెద్ద ముప్పు లేదు. డెఫ్‌లో మాత్రం 0.3 శాతం మించరాదని ఐ.ఎస్.ఓ. 22241 ప్రమాణం చెబుతుంది. ఐదింతల తేడా. కాల్షియం, సోడియం, ఫాస్ఫేటు వంటివి ఉండదగిన పరిమాణం మరీ స్వల్పం. బోరు నీళ్లతో కలిపిన డెఫ్‌లో ఇవన్నీ ఉంటాయి. ఇవి ముక్కులలో గడ్డకడతాయి, ఉత్ప్రేరకాన్ని చంపుతాయి. ముందు డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, తర్వాత ఇంజను తనంతట తానే బలం తగ్గించుకుంటుంది.

శంషాబాదు వర్తకులకు ఈ చివరి సంగతి ప్రత్యేకంగా పట్టవలసినది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాల రాకపోకలు ఇక్కడికి మారినప్పటి నుంచి మందులు, పండ్లు, కూరగాయలు వేళకు అందవలసిన చోటు ఇది. ఔటర్ రింగు రోడ్డు మీద ఎక్కుడు ఎక్కలేక నిలిచిన లారీ విమానాన్ని అందుకోదు. బుకింగు పోతే నష్టం బకెట్టు ధరతో తేలేది కాదు.

రెండు విదేశీ పాఠాలు

డెఫ్ నీళ్లలా తెల్లగా, తేటగా ఉంటుంది. చూసి గుర్తించడం కష్టం. 2017లో అమెరికాలోని ఒమాహా విమానాశ్రయంలో, 2018లో ఫ్లోరిడాలోని ఓపా-లాకాలో, 2019లో అదే రాష్ట్రంలోని పుంటా గోర్డాలో విమాన ఇంధనం గడ్డకట్టకుండా కలిపే మందు అనుకుని పొరపాటున డెఫ్‌ను కలిపారు. డెఫ్ ఇంధనంలో కరగక స్ఫటికాలుగా మారి ఫిల్టర్లను మూసివేసింది. పుంటా గోర్డా నుంచి బయలుదేరిన విమానాల ఇంజన్లు గాలిలోనే ఆగాయి. ఒక డ్రమ్ముకు బదులు మరొక డ్రమ్ము ఎత్తడమే అక్కడ జరిగిన తప్పు. విమానాశ్రయం పక్కనే డ్రమ్ముల వ్యాపారం సాగే చోట చీటీ లేని డ్రమ్మును గోదాములో పెట్టుకోరాదని ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ లేదు.

రెండవ పాఠం దక్షిణ కొరియాది. 2021లో చైనా యూరియా ఎగుమతులను బిగించడంతో ఆ దేశంలో డెఫ్ కొరత వచ్చి లారీలు ఆగిపోయే పరిస్థితి ఏర్పడింది. నవంబరులో సైనిక విమానాన్ని ఆస్ట్రేలియాకు పంపి 27 వేల లీటర్లు తెప్పించుకోవలసి వచ్చింది. చవకగా దొరికేదని పట్టించుకోని సరుకు ఒక దేశపు రవాణానే పట్టి ఊపింది. రామగుండంలో 2021లో ఉత్పత్తి మొదలైన కొత్త కర్మాగారం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారు చేయగలదు. అయినా భారతదేశం దిగుమతులు మానలేదు. బయటి మార్కెట్ బిగిస్తే ఇక్కడ పొలమూ, లారీ ఒకేసారి అడుగుతాయి. అప్పుడు దొంగ బకెట్టుకు గిరాకీ మరింత పెరుగుతుంది.

సీసా మందుల మాట

ఇదిలా ఉండగా, డీజిలులో కలిపితే మైలేజీ పెరుగుతుందని చెప్పే చిన్న సీసాల అమ్మకం కూడా రోడ్డు పక్క సాగుతుంటుంది. గంధకం తీసివేసిన డీజిలుకు జిగురు తగ్గుతుందన్నది నిజమే. అందుకే పంపులలో ఘర్షణ తగ్గించే మందును బంకుకు రాకముందే కలుపుతారు. డీజిలు సులువుగా మండే గుణానికి, అంటే సీటేన్ సంఖ్యకు, కనీసం 51 అని ప్రమాణం ఉంది. మురికి పట్టిన ఇంజెక్టరును శుభ్రపరిచే మందులకు కొంత ప్రయోజనం ఉంటుంది. బాగున్న ఇంజనుకు సీసాతో మైలేజీ పెరగదు. 1978 నాటి పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం ఏళ్లుగా చెబుతున్న సలహా ఒక్కటే: గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం, టైర్లలో సరైన గాలి. దీనికి ఖర్చు లేదు గనుక ప్రచారమూ లేదు.

కలిపే మందుల చరిత్ర కూడా జాగ్రత్త నేర్పేదే. 1921లో అమెరికాలో ఇంజను చప్పుడు తగ్గించడానికి కనుగొన్న సీసపు మందు ప్రపంచమంతా దశాబ్దాలపాటు పెట్రోలులో కలిసింది. పిల్లల రక్తంలోకి సీసం చేరుతున్నదని గుర్తించి మానేటప్పటికి భారతదేశంలో 2000 ఫిబ్రవరి వచ్చింది. మైలేజీ మాట విన్నంత శ్రద్ధగా దాని వెనుక ఖరీదును ఎవరూ వినలేదు.

చేయవలసినది

రైతు ధర పెంచి తేడా చెరిపేయాలనే వాదన ఉంది. అది దొంగ తప్పుకు సొంతదారుకు జరిమానా వేయడమే. పెట్టుబడి పెరిగి నలిగిన రైతు మీద ఆ భారం మోపడం న్యాయం కాదు. అంతకన్నా సులువైన దారి లెక్కల పుస్తకంలోనే ఉంది. నూరు లీటర్ల డెఫ్ తూకం 109 కిలోలు. దానికి 35 కిలోల పైచిలుకు యూరియా కావాలి. ఈ నిష్పత్తి ఎవరి తయారీలోనూ మారదు. ఏ తయారీదారు ఎన్ని లీటర్లు అమ్మాడో జి.ఎస్.టి. బిల్లులలో ఉంది. అతడు పరిశ్రమల యూరియా ఎన్ని కిలోలు కొన్నాడో కూడా బిల్లులలోనే ఉండాలి. రెండింటినీ పక్కపక్కన పెడితే చాలు. అమ్మకం ఉండి కొనుగోలు లేనిచోట రైతు సంచి ఉన్నట్లే. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. వ్యవసాయ శాఖ, వాణిజ్య పన్నుల శాఖ ఒకే బల్ల వద్ద కూర్చోవాలి, అంతే.

చిన్న తయారీదారులకు ఇబ్బంది కలుగుతుందని కొందరు అనవచ్చు. నిజానికి ఈ రోజున ఇబ్బంది పడుతున్నది నిజాయితీగా కిలో రూ. 44కు కొంటున్న చిన్న తయారీదారే. రూ. 42 బకెట్టుతో అతడు పోటీ పడలేడు. చెడ్డ సరుకు మంచి సరుకును బజారు నుంచి వెళ్లగొట్టడం నెయ్యిలో, నూనెలో, కారంలో వర్తకులు చూడనిది కాదు.

వ్యాపారులు చేయదగినవీ ఉన్నాయి. లారీ యజమానులతో బాడుగ కుదుర్చుకునేటప్పుడు డెఫ్ బిల్లు అడగవచ్చు. బ్యాచి సంఖ్య, తయారీ తేదీ లేని బకెట్టును తిప్పి పంపవచ్చు. చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు 32.5 శాతం ఉందా లేదా చూపుతుంది. ఉప్పు కలిపినా ముల్లు కదులుతుంది గనుక దాన్ని ఒక్కదాన్నే నమ్మరాదు. నిలవలు పెట్టేవారు ఎండను మరువరాదు. 25 డిగ్రీల వద్ద ఏడాదిన్నర నిలిచే డెఫ్ 35 డిగ్రీల వద్ద ఆరు నెలలకే నాణ్యత కోల్పోతుంది. రేకుల షెడ్డులో వేసవి దాటిన సరుకును చవకగా ఇస్తామన్నా తీసుకోరాదు. ఇత్తడి, రాగి, మామూలు ఇనుప పాత్రలు దీనికి పనికిరావు.

రూ. 266.50 సంచి రైతు కోసం దేశం పెట్టుకున్న ధర. లారీకి కావలసిన యూరియాకు మార్కెట్ ధర ఉంది. ఆ ధర చెల్లించే శక్తి రవాణాకు ఉంది, బాడుగలో కలుపుకునే వీలూ ఉంది. సహకార సంఘం ముందు వరుసలో ఉన్న చెప్పుల జతకు ఆ వీలు లేదు.