తాడు తెగలేదు... మరి?

"తాడు తెగిందా?" అనడిగింది అమ్మ.

"తెగలేదమ్మా."

"మరి వాడి గడ్డానికి ఆ కుట్లేంట్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతికితే దొరికిందే ఈ వారం కాలమ్. క్యాంపింగ్‌కి వెళ్లే ప్లాన్ ఉంటే, తాడు కొనేముందు రెండు నిమిషాలు ఇది చదవండి.

పోయిన జులై. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల పక్కన ఒక మామిడి తోట. ఓనర్‌ని అడిగి, ఒక్క రాత్రికి పర్మిషన్ తీసుకున్నాం. టెంట్ లేదు, మూడు మీటర్ల చదరపు టార్పాలిన్ పట్టా ఒకటి ఉంది. ఇంటర్ చదివే మా తమ్ముడు కూడా వస్తానన్నాడు. వాడికి జ్వరం తగ్గి వారమే అయింది. అమ్మ వద్దంటే, "వాణ్ని తడవనివ్వను, నాదీ పూచీ" అని మరీ తీసుకెళ్లా.

తాడు మాత్రం ఘనంగా కొన్నా. పారాకార్డ్, నల్ల రంగు. ప్యాకెట్ మీద 550 అని పెద్ద అంకె. అంటే 550 పౌండ్లు, దాదాపు 250 కిలోలు మోస్తుందట. ఇంకేం కావాలి? సాయంత్రం రెండు చెట్ల మధ్య బిగించి వేలితో మీటితే టంగుమని మోగింది. ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టా.

రాత్రి రెండింటికి వాన. మెలకువ వచ్చేసరికి పట్టా నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది! మధ్యలో బకెట్ నీళ్లు నిలిచాయి. అంటే ఓ 15 కిలోల బరువు. కింద నుంచి తోశానో లేదో, మొత్తం తమ్ముడి మీద గుమ్మరించింది. వాడు లేచి తోటలోని షెడ్డు వైపు పరిగెత్తాడు. చీకట్లో నల్ల తాడు కనపడలేదు. కాలికి తగిలి, రాయి మీద పడ్డాడు. గడ్డం కింద మూడు కుట్లు.

తెల్లారాక వెళ్లి చూస్తే తాడు భేషుగ్గా ఉంది. ఒక్క పోగు తెగలేదు.

మా బాబాయ్ పాతికేళ్లు లారీ నడిపిన మనిషి. తాడు చేతిలోకి తీసుకుని రెండుసార్లు లాగి చూశాడు. "ఒరేయ్, గట్టిదా అని చూసుకున్నావు గానీ, సాగుతుందా అని చూసుకున్నావా?" అన్నాడు. అంతే. నా తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది.

పారాకార్డ్ నైలాన్ తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం పారాచూట్లకు వాడింది. గాల్లో పారాచూట్ ఒక్కసారిగా తెరుచుకుంటే ఆ కుదుపు మనిషి ఒంటికి తగలకూడదు కదా? అందుకే సాగే తాడు కావాలి. సైనిక ప్రమాణం ప్రకారం తయారైన 550 తాడు తెగేలోపు కనీసం 30 శాతం సాగాలి. పైగా నైలాన్ నీళ్లు పీల్చుకుంటుంది, తడిస్తే ఇంకాస్త సాగుతుంది. పారాచూట్‌కి వరమైన గుణమే మన పట్టాకి శాపం. తడి బట్టలేసిన నైలాన్ దండెం మధ్యలో ఎలా కిందికి జారుతుందో ఇంట్లో చూసే ఉంటారు. ఇదీ అదే కథ.

మరి ఏది కొనాలి? నేను ఒక్కోటీ చూసి తేల్చుకున్నది ఇది.

పాలిస్టర్: నా ఓటు దీనికే. నైలాన్ కంటే తక్కువ సాగుతుంది, నీళ్లు దాదాపు పీల్చదు, ఎండకీ బాగానే తట్టుకుంటుంది. చెట్ల మధ్య మెయిన్ తాడుకి 3 మిల్లీమీటర్ల మందం, పక్క తాళ్లకి 2 నుంచి 3 సరిపోతుంది.

డైనీమా: బరువుతో పోల్చి చూస్తే ఉక్కు కంటే ఎన్నో రెట్లు గట్టిది, సాగదు, నీళ్లు పీల్చదు. కానీ ఖరీదెక్కువ. నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడి జారిపోతుంది. వేడికి త్వరగా కరుగుతుంది, క్యాంప్‌ఫైర్ దగ్గర జాగ్రత్త. బరువు గ్రాముల్లో లెక్కేసుకునే ట్రెక్కర్లకి ఓకే.

పాలీప్రొపిలీన్: కిరాణా షాపుల్లో దొరికే పసుపు, నీలం ప్లాస్టిక్ తాళ్లలో చాలావరకు ఇవే. చవక. కానీ ఎండకి పెళుసెక్కి పోగులు రాలతాయి, ముడి సరిగా నిలవదు. అర్జెంటుకి ఓకే, వానాకాలం రాత్రికి వద్దు.

నూలు, జనపనార: ఇవి నైలాన్‌కి రివర్స్. తడిస్తే ఉబ్బి, పొడవు తగ్గి, బిగుసుకుంటాయి. అందుకే వాటితో కట్టినప్పుడు వానొస్తే తాళ్లు కాస్త వదులు చేయాలి, లేదంటే మేకులు పీకేస్తాయి. తడిగా మడిచిపెడితే కుళ్లిపోతాయి.

షాపులో ఏ తాడో చెప్పలేకపోతున్నారా? చిన్న ముక్క అడిగి, నీళ్లలో ముంచి, గాలి పోయేలా వేళ్లతో నలిపి వదలండి. తేలితే పాలీప్రొపిలీన్ లేదా డైనీమా. ఈ రెండింటికీ తేడా ధర చూస్తేనే తెలిసిపోతుంది. మునిగితే నైలాన్ లేదా పాలిస్టర్. ఇప్పుడు ఇంట్లో ఇంకో టెస్ట్. తాడు మీద మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టండి. దానికి 5 లీటర్ల నీళ్ల క్యాన్ వేలాడదీసి, తాడు తడిపి, పది నిమిషాలాగి కొలవండి. రెండు రకాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కువ సాగిందో మీకే తెలుస్తుంది.

ఎంత కొనాలి? మూడు మీటర్ల పట్టాని గుడిసె కప్పులా కట్టాలంటే మెయిన్ తాడు 10 మీటర్లు, నాలుగు మూలలకి రెండున్నర చొప్పున మరో 10, పక్కలకి రెండేసి చొప్పున 4. మొత్తం 24. ముడులకీ, పొరపాట్లకీ కలిపి 30 కొనండి. కోసిన కొసల్ని లైటర్‌తో కాస్త కరిగిస్తే పోగులు విడిపోవు.

ముడి సంగతి బాబాయే నేర్పాడు. లారీ లోడు బిగించే ముడి. తాడు మధ్యలో ఒక ఉచ్చు వేసి, కొసని చెట్టు చుట్టూ తిప్పి తెచ్చి, ఆ ఉచ్చులోంచి వెనక్కి లాగడం. చెయ్యి పెట్టే బలం కంటే ఎక్కువ బిగుతు వస్తుంది. చివర్లో షూ లేస్‌లా కొస మడిచి ముడేస్తే, పొద్దున ఒక్క లాగుతో ఊడొస్తుంది. తడిసిన పీటముడిని పళ్లతో పీకే బాధ ఉండదు. ఏ తాడైనా పడుకునే ముందు ఒకసారి లాగి చూసి, మళ్లీ బిగించండి. పట్టా ఒక వైపు బాగా వాలుగా ఉంటే నీళ్లు నిలవవు. ఆ రాత్రి నేను చేసిన రెండో తప్పు అదే. ఇంకో మాట, ఇంత సన్నటి తాళ్లు పట్టాకే. ఊయలకీ, కొండలెక్కడానికీ వద్దు.

ఇక రంగు. నలుపు వద్దు. టార్చ్ వేస్తే మెరిసే తాడు తీసుకోండి. దొరక్కపోతే ప్రతి పక్క తాడుకీ తెల్ల గుడ్డ పేలిక కట్టండి.

మొన్న మళ్లీ అదే తోటకి వెళ్లాం. ఈసారి అమ్మని ఒప్పించింది తమ్ముడే. పాలిస్టర్ తాడు, తెల్ల పేలికలు. రాత్రి ఓ మోస్తరు వాన పడింది. పట్టా కదల్లేదు. తాళ్లు చూసొస్తానని తమ్ముడు రెండుసార్లు బయటికెళ్లాడు. రెండుసార్లూ ఏ తాడుకీ తగలకుండా తిరిగొచ్చాడు.

పొద్దున్నే అమ్మ ఫోన్. "తాడు తెగిందా?"

"తెగలేదమ్మా. సాగలేదు కూడా."