నేల రంగు ఊడ్చేవాళ్ళు చెప్పాలి

ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీ ఇష్టం. ఇంట్లో నేలకి ఏ రంగు వెయ్యాలన్నది ఆ నేల ఊడ్చే మనిషి చెప్పాలి. లోన్ కట్టే మనిషి కాదు, ఇల్లు చూపించిన రియల్టర్ కాదు, ఎప్పుడో పదేళ్ళకి మన ఇల్లు కొనబోయే ముక్కూ మొహం తెలియని మనిషి అసలే కాదు.

నేల రంగు కూడా ఒక గొడవేనా అంటారేమో! అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్ళని అడగండి. 1950ల్లో, 60ల్లో కట్టిన ఇళ్ళల్లో కార్పెట్ లాగేస్తే చాలాచోట్ల కింద రెడ్ ఓక్ చెక్క బయటపడుతుంది. రెండుంపావు అంగుళాల వెడల్పు పట్టీలు, గట్టి చెక్క. పైపైన అరగదీసి, స్టెయిన్ వేసి, దానిమీద పాలియురేథేన్ పూత పూస్తే కొత్త నేలే. ఇంతవరకూ ఇంట్లో అందరిదీ ఒకటే మాట. ఏ స్టెయిన్ అనేసరికి మొదలవుతుంది అసలు కథ.

మా ఇంట్లోనూ మొదలైంది. కాంట్రాక్టర్ వస్తే తలుపు తీసింది నేను, గదులన్నీ చూపించింది నేను. రంగుల కాగితం మాత్రం ఆయన మావారి చేతిలో పెట్టాడు. మావారు అటూ ఇటూ తిప్పి, ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి, "డార్క్ అయితే రిచ్‌గా ఉంటుంది, గ్రే అయితే రీసేల్‌కి మంచిదట. నీకేది ఇష్టం?" అన్నారు. అడగలేదని నేననను, అడిగారు. కానీ నా దాకా వచ్చేసరికి ఇరవై రంగుల్లో రెండే మిగిలాయి. చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళని అడగడం ఇలాగే ఉంటుంది. వంకాయా బెండకాయా అని అడుగుతారు, బజారుకి వెళ్ళాలా వద్దా అన్నది ముందే తేలిపోయి ఉంటుంది.

సరే, ఆ రెండు రంగుల సంగతే చూద్దాం.

డార్క్. ఎబొనీ, జాకోబియన్ అని పేర్లు. గృహప్రవేశం ఫొటోల్లో చాలా బావుంటుంది, కాదనను. ఆ మర్నాటి నుంచే ఉంటుంది సినిమా. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం. కాళ్ళు కడుక్కుని వస్తే ప్రతి అడుగూ అచ్చు పడుతుంది. చపాతీ పిండి కొంచెం రాలినా, ముగ్గు చిటికెడు పడినా, కిటికీలోంచి ఎండ పడగానే దుమ్ము లేచినా అన్నీ తెల్లగా మెరుస్తాయి. పిల్లాడు కుర్చీ లాగిన గీత కూడా తెల్లగానే కనిపిస్తుంది. పైన గ్లాస్ పూత వేయించారా, ఇక రోజూ అద్దం తుడుచుకోవడమే. "అబ్బ, ఎంత రిచ్‌గా ఉందండీ!" అని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. వాళ్ళు రావడానికి అరగంట ముందు మాప్ పట్టుకుని తిరిగిందెవరో ఎవరూ అడగరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మన నడుముతో ఇంకొకళ్ళు అందం కొంటున్నారన్నమాట.

ఇక గ్రే. రెడ్ ఓక్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. చెక్కలోనే కొంచెం గులాబీ ఛాయ ఉంటుంది. స్టెయిన్ అంటే గోడ పెయింట్ కాదు, కింద ఉన్నదాన్ని కప్పెయ్యదు. చెక్క ఛాయతో కలుస్తుంది. గులాబీ మీద గ్రే వేస్తే ఒక్కోసారి వంగపండు ఛాయ తేలుతుంది, తెల్లరంగు వేస్తే గులాబీ ఇంకా పైకి కనిపిస్తుంది. షాపులో చూపించే ముక్క వేరే చెక్క అయి ఉండొచ్చు, చేతిలో పెట్టే కాగితం అచ్చు బొమ్మ అయి ఉండొచ్చు. వాటిని చూసి మన నేల రంగు తేల్చుకోవడం, ఫొటోలో చీర చూసి ఒంటికి నప్పుతుందనుకోవడం లాంటిది.

అసలు నాకు ఒళ్ళుమండే మాట ఈ రీసేల్. ఇల్లు కొన్న నెలకే అమ్మే రోజు గురించి మాట్లాడతారు! ఆ కొనబోయేవాళ్ళెవరో, వాళ్ళకేం నచ్చుతుందో మనకి తెలుసా? పదేళ్ళ కిందట ఎక్కడ చూసినా గ్రే నేలలే. ఇప్పుడు అదే గ్రేని చూసి పాతబడిపోయిందంటున్నారు. ఫ్యాషన్ ఇలా మారుతుంటే వాళ్ళ కోసం మనమెందుకు రోజూ నేల మీద పడి తుడవాలి? ముప్పావు అంగుళం మందమున్న గట్టి ఓక్ పట్టీల్ని మళ్ళీ మళ్ళీ అరగదీసి కొత్త రంగు వేసుకోవచ్చు. వచ్చేవాళ్ళకి నచ్చకపోతే వాళ్ళే మార్చుకుంటారు. వాళ్ళ ఖర్చు వాళ్ళది. ఇక్కడ ఉన్నన్నాళ్ళ చాకిరీ మాత్రం మనది.

"డబ్బు పెట్టేది ఆయన కదా, ఆయన మాట కూడా ఉండొద్దా?" అని ఒక వదినగారు అడిగారు. ఉండాలి. ఎంత ఖర్చు పెట్టగలమన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే. కానీ రెడ్ ఓక్ మీద ఎబొనీ వేసినా, లేత గోధుమరంగు వేసినా కూలీ పెద్దగా మారదు. డబ్బాల ధరలో తేడా అంతకంటే తక్కువ. మారేదల్లా తర్వాత ప్రతిరోజూ ఆ నేలకి పెట్టే టైమ్. ఆ టైమ్ ఎవరిదైతే మాట వాళ్ళది. మీ ఇంట్లో ఆయనే ఊడ్చి తుడుస్తారా, నిరభ్యంతరంగా ఆయన్నే ఎంచుకోమనండి. నేను ఆడా మగా అనడం లేదు, చీపురు ఎవరి చేతిలో ఉందన్నదే నా మాట. ఉద్యోగం చేసి వచ్చి రాత్రి తొమ్మిదింటికి తుడిచే అక్కచెల్లెళ్ళకి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మనలోనూ కొందరున్నారు లెండి. పక్కింటివాళ్ళకి డార్క్ ఉంది కాబట్టి మాకూ డార్క్ కావాలనేవాళ్ళు. చేసుకునే ఓపిక ఉండి, నిజంగా నచ్చి వేయించుకుంటే సంతోషం. నలుగురి మెప్పు కోసమైతే మాత్రం, ఆ నలుగురూ ఏడాదికి రెండుసార్లు వస్తారు. మిగతా రోజులన్నీ మీవే.

మరి ఎలా ఎంచుకోవాలి అంటారా? కాంట్రాక్టర్‌తో గట్టిగా చెప్పండి. మన నేల అరగదీశాక, ఆ చెక్క మీదే నాలుగైదు రంగులు కనీసం రెండేసి అడుగుల చదరాలుగా వెయ్యమనండి. కిటికీ దగ్గర ఒకసారి, చీకటి మూల ఒకసారి. వీలైతే పైపూత కూడా పూయించండి, పూత పడితే రంగు మారుతుంది. నూనె పూత కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, నీళ్ళ పూత అంతగా తిరగదు. మెరుపు శాటిన్ కన్నా ఎక్కువ వద్దు. ఆరాక పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లో చూడండి. తర్వాత మన పరీక్ష మనం పెట్టాలి. చిటికెడు వరిపిండి చల్లండి, దువ్వెనలోంచి నాలుగు వెంట్రుకలు వెయ్యండి, తడికాళ్ళతో నడవండి. మరీ లేతరంగు మీద మన నల్లవెంట్రుకలు కనిపిస్తాయి, మరీ ముదురు మీద మిగతావన్నీ కనిపిస్తాయి. మిన్‌వాక్స్‌లో ప్రొవిన్షియల్, ఎర్లీ అమెరికన్ లాంటి మధ్యరకం గోధుమరంగులు రెండింటినీ కాస్త దాచిపెడతాయి, ఓక్ గీతలు కూడా అందంగా తేలతాయి. నేను ఎంచుకున్నది ప్రొవిన్షియల్. రీసేల్ మాట ఎత్తినప్పుడల్లా మావారికి మాప్ చూపించాను.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోకండి. నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టించండి. పని చేసేవాళ్ళు వెళ్ళిపోతారు, ఇంట్లో ఉండేది మనం.

మన ఊళ్ళో పేడతో అలికిన నేలైనా, నాపరాళ్ళ వసారా అయినా, దాని గుట్టుమట్లు తెలిసింది దాన్ని రోజూ అలికి, కడిగిన మనిషికే. ఇక్కడ చెక్క మారింది, చీపురు పోయి వాక్యూమ్ వచ్చింది, అంతే తేడా. కాబట్టి ఈసారి రంగుల కాగితం ఎవరి చేతిలో పెట్టబోయినా, మీరే చెయ్యి చాపి అందుకోండి. మొహమాటం వద్దు.