పెనం ఉండగా మిషన్ ఎందుకు?

శాండ్‌విచ్ మేకర్ కొనమని మా అబ్బాయి నెల రోజులుగా ఒకటే పోరు. మొన్న ఆదివారం మోండా మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చాక, వాడినే పొయ్యి దగ్గర నిలబెట్టాను.

రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కొత్తిమీర చట్నీ, ఉడికించిన ఆలుగడ్డ. బయటివైపు వెన్న రాసి, దోసెల పెనం మీద పెట్టించాను. పైన అడుగు మందం గిన్నె, బరువుకి అందులో సగం నీళ్లు. సన్నని సెగ మీద ఒక్కోవైపు రెండు మూడు నిమిషాలు. ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది.

మిషన్ కొన్నా దాన్ని తుడిచి దాచేది నేనే కదండీ! ఇప్పుడు ఆకలేస్తే వాడే చేసుకుంటున్నాడు, నాకూ ఒకటి పెడుతున్నాడు. మన పని తగ్గాలంటే ముందు మగపిల్లల చేతికి అట్లకాడ ఇవ్వాలి. మీరేమంటారు?